మక్క వేసే ముందే మాట చెప్పండి: కేంద్ర పెట్రోలియం, ఆహార శాఖల మంత్రులకు ఒక రైతు బహిరంగ లేఖ

అయ్యా,

ఇద్దరు మంత్రులకూ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ లీటరు ఎంతకు కొనాలన్నది పెట్రోలియం శాఖ కింద ఉన్న చమురు కంపెనీలు చూసుకుంటాయి. ఆ ఇథనాల్ తయారీకి భారత ఆహార సంస్థ, అంటే ఎఫ్‌సీఐ, గోదాముల్లోని బియ్యం ఎంత ఇవ్వాలి, కిలో ఎంతకు ఇవ్వాలన్నది ఆహార శాఖ చూసుకుంటుంది. ఢిల్లీలో ఇవి రెండు వేరువేరు ఫైళ్ళు కావచ్చు. మా దగ్గరికి వచ్చేసరికి రెండూ కలిసి మక్క రైతు కల్లంలోనే పడతాయి.

నేను మహబూబాబాద్ జిల్లా రైతును. వానాకాలం మక్క వేస్తాను, బోరులో నీళ్ళుంటే యాసంగిలోనూ మక్కే. ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాను. 20 శాతం కలిపిన పెట్రోలుతో బండ్లు పాడవుతున్నాయని 2025లో ఊరూరా వాదనలు నడిచాయి. సుప్రీంకోర్టు దాకా పోయింది, కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. నా బండి మైలేజీ కూడా కొంచెం తగ్గినట్టే ఉంది. పాత బండ్లకు తగ్గుతుందని నీతి ఆయోగ్ వాళ్ళే 2021లో రాసుకున్నారు కాబట్టి కొత్తగా ఆశ్చర్యపోయేదేం లేదు. ఆ గొడవ పట్నం వాళ్ళు చూసుకుంటారు. నేను మాట్లాడేది కాంటా దగ్గర జరిగేదాని గురించి.

పన్నెండేళ్ళలో ఈ పథకం ఎంత పెరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, చదివేవాళ్ళ కోసం చెబుతాను. 2013-14లో దేశమంతా కలిపి పెట్రోలులో కలిపిన ఇథనాల్ 38 కోట్ల లీటర్లు, అంటే ఒకటిన్నర శాతం. 2022 జూన్‌కల్లా అది పది శాతం అయింది. 20 శాతం లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకున్నారు, తర్వాత 2025-26కి జరిపారు, చివరికి 2025లోనే అందుకున్నారు. ముడి చమురు దిగుమతి తగ్గడంతో 2014-15 నుంచి 2025 జులై దాకా 1.44 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందని ప్రభుత్వ లెక్క. మంచిదే. మొదట్లో ఇదంతా చక్కెర తీశాక మిల్లుల్లో మిగిలే మడ్డి, మొలాసిస్‌తో నడిచింది. చెరకు ఒక్కటే చాలదని తేలాక బియ్యం, నూకలు, మక్క వచ్చాయి. 2023లో వానలు సరిగా పడక చెరకు తగ్గింది, ఆ డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ చేయొద్దని ఆంక్ష పెట్టారు. ఆ ఖాళీ నింపడానికి మక్కను పిలిచారు.

పిలిచారని ఊరికే అనడం లేదు. మక్కతో చేసిన ఇథనాల్‌కు లీటరుకు 71 రూపాయల 86 పైసలు ఇస్తామన్నారు, అన్ని రకాల్లోకీ అదే ఎక్కువ రేటు. కేంద్రం తరఫున పంటలు కొనే సహకార సంస్థలు నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ మద్దతు ధరకు మక్క కొని, ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలకు, అంటే డిస్టిలరీలకు, ఇస్తాయని 2024 మొదట్లో ప్రకటించారు. ఇథనాల్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల మక్క దిగుబడి పెంచడానికి మక్క పరిశోధన సంస్థతో ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు పెట్టించారు. వరి తగ్గించండి, మక్కకు ఇక ఢోకా లేదు అని వ్యవసాయ అధికారులు, విత్తనాల డీలర్లు, పేపర్లు, యూట్యూబ్ ఛానళ్ళు, అందరిదీ ఒకటే పాట. 2024లో ధర నిజంగానే బాగుంది. క్వింటాకు మద్దతు ధర 2,225 ఉంటే బయట అంతకు మించి పలికింది. ఏటా మక్క ఎగుమతి చేసే దేశం ఆ ఏడు మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకుంది. కోళ్ళ ఫారాల వాళ్ళు దాణా ఖర్చు తట్టుకోలేక లబోదిబోమన్నారు.

ఆ ధర చూసిన రైతు ఏం చేస్తాడు? మక్కే వేశాడు. 2025 వానాకాలంలో దేశంలో మక్క సాగు ముందటేడు కన్నా దాదాపు పది లక్షల హెక్టార్లు పెరిగింది. పత్తి మానేసి వేసినవాళ్ళున్నారు, సోయా మానేసి వేసినవాళ్ళున్నారు. పంట చేతికొచ్చేసరికి ధర కూలింది. మద్దతు ధర 2,400 అయితే మా మార్కెట్లో మొదటి వారాల్లో 1,700, 1,800 దగ్గర ఆడింది. కర్ణాటకలో హావేరి, గదగ్ వైపు రైతులు రోడ్డెక్కారు.

మార్కెట్ సంగతి కొంచెం దగ్గరి నుంచి చూడండి. మిషన్ పట్టించిన మక్కలను అక్టోబరులో రోడ్డు వారన, గుడి ముందర, బడి ఆవరణలో, ఎక్కడ చదునుంటే అక్కడ ఆరబోస్తారు. మబ్బు పడితే కుప్ప చేసి టార్పాలిన్ కప్పడం, ఎండొస్తే మళ్ళీ నెరపడం, రాత్రి పక్కనే పడుకోవడం. 2025 అక్టోబరు 29న మొంథా తుఫాను వానకు మా జిల్లాలో డోర్నకల్ స్టేషన్‌లో రైలు పట్టాలే మునిగాయి. ఆరబోసిన మక్కల సంగతి ఇక చెప్పేదేముంది. తడిసిన గింజ రెండు రోజుల్లో మొలకెత్తుతుంది, నాలుగు రోజుల్లో నల్లబడుతుంది. యార్డుకు తెస్తే వ్యాపారి మనిషి వచ్చి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు గింజలు తీస్తాడు, నోట్లో వేసుకుని కొరుకుతాడు, తర్వాత తేమ చూసే మిషన్‌లో పోస్తాడు. 17 అని చూపిస్తుంది. ఆ ఒక్క అంకె మీద క్వింటాకు రెండు మూడు వందలు పోతాయి. అదే కుప్ప పక్కవాడి మిషన్‌లో 15 చూపిస్తుంది, కానీ పక్కవాడు కొనడు, ఎందుకంటే ఎవరి కుప్ప ఎవరిదో వాళ్ళలో వాళ్ళకు ముందే ఒప్పందం. ఆపైన బస్తాకు తరుగు, హమాలీ, చీటీ మీద రాసే మిగతా ఖర్చులు.

రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ కేంద్రాలు తెరిచి 2,400కు కొన్న మాట నిజం. ఆ మేరకు మేలే జరిగింది. అయితే ఎకరానికి ఇన్ని క్వింటాళ్ళే అన్న పరిమితి ఉంది, తేమ 14 దాటొద్దన్న షరతు ఉంది, సంచుల కోసం ఎదురుచూపు ఉంది. పాస్‌బుక్ తన పేరు మీద లేని కౌలు రైతుకు అక్కడ మామూలు తిప్పలు కావు. ఎరువు, పురుగుమందు అప్పు మీద తెచ్చుకున్నవాడు కేంద్రం తెరిచేదాకా ఆగలేడు, అప్పు ఇచ్చిన అడ్తిదారుకే తూకం వేసి వస్తాడు. ధర కూలినప్పుడు ముందు మునిగేది వీళ్ళే.

ఇప్పుడు మీ రేటు లెక్కకు వద్దాం. టన్ను మక్కకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే క్వింటాకు 38 లీటర్లు. 71.86 చొప్పున 2,730 రూపాయలు. మిగిలిన పిప్పిని ఎండబెట్టి డీడీజీఎస్ పేరుతో దాణాకు అమ్ముకుంటారు, అది అదనం. డిస్టిలరీ 2,400కు మక్క కొంటే ఈ లెక్కలో లాభం పల్చగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. అదే మక్క 1,700కు దొరికితే క్వింటాకు 700 మిగులు, లీటరు మీద 18 రూపాయల పైచిలుకు. చమురు కంపెనీ ఇచ్చే 71.86లో మాత్రం పైసా తగ్గదు. ఆ 18 రూపాయలు డిస్టిలరీకి కొంత, మధ్యలో ఉన్న ట్రేడరుకు కొంత. ఎకరాకు 25 క్వింటాళ్ళు పండించినవాడికి 17,500 పోయింది. రైతును చూసే మక్క ఇథనాల్‌కు ఇంత మంచి రేటు ఇచ్చామంటారు మీరు. ఆ మేలు మాత్రం ఫ్యాక్టరీ గేటు దాటి ఇవతలికి రాలేదు.

ధర కూలడానికి పంట ఎక్కువ రావడం ఒక కారణం. రెండో కారణం మీరు చేసింది. 2024-25కు ఎఫ్‌సీఐ బియ్యం 52 లక్షల టన్నులు డిస్టిలరీలకు కేటాయించారు. రేటు క్వింటాకు 2,800 ఉండేది, 2025 జనవరిలో 2,250కి దించారు. అదే ఏడు సాధారణ రకం వడ్ల మద్దతు ధర 2,300. అంటే రైతు దగ్గర కొన్న వడ్ల కన్నా, ఆ వడ్లను మిల్లులో పట్టించి, సంచులకెత్తి, లారీలో తోలి, గోదాములో నెలల తరబడి పెట్టిన బియ్యం చవక. క్వింటా వడ్లు పడితే 67 కిలోల బియ్యమే వస్తాయని మిల్లు మొహం చూసిన ఎవరికైనా తెలుసు.

కిలో బియ్యం అన్ని ఖర్చులతో ఎఫ్‌సీఐకి సుమారు 40 రూపాయలు పడుతుంది. 22.50కి ఇస్తే కిలోకు 17.50 ప్రజల సొమ్ము పోయినట్టే. టన్ను బియ్యానికి 450 లీటర్ల లెక్కన లీటరు ఇథనాల్‌కు 2.2 కిలోలు కావాలి. లీటరు మీద 38 రూపాయల పైన సబ్సిడీ. దానికి బియ్యపు ఇథనాల్‌కు చమురు కంపెనీ ఇచ్చిన 58.50 కలిపితే దాదాపు 97 రూపాయలు. పైగా ఇథనాల్‌లో పెట్రోలుకు ఉన్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. ఈ లెక్క చూశాక కూడా బియ్యపు ఇథనాల్ చవకైన ఇంధనమనేవాళ్ళకు లెక్కలు చెప్పిన మాస్టారెవరో అడగాలనిపిస్తుంది.

మీ జవాబు నాకు తెలుసు. గోదాముల్లో నిల్వ కావలసిన దాని కన్నా ఎంతో ఎక్కువ ఉంది, పెట్టుకుంటే పురుగు పడుతుంది, కొత్త వడ్లకు జాగా లేదు, వచ్చినంతకు అమ్మక తప్పదు. అందులో నిజం ఉంది. మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున 52 లక్షల టన్నులు 8 కోట్ల 60 లక్షల మందికి పైగా ఏడాది రేషన్. అయినా పేదల నోటి దగ్గర కూడు లాక్కున్నారని నేను అనను, రేషన్ ఎక్కడా ఆగలేదు. నా ప్రశ్న ఆ నిల్వ ఎందుకు పేరుకుందన్నది. తెలంగాణలో ఖాయంగా, కాంటా పెట్టి, మద్దతు ధరకు సర్కారు కొనే తిండి పంట వరి ఒక్కటే. బోరుకు కరెంటు ఉచితం. అందుకే యాసంగిలో కూడా వరే వేస్తాం. 2021-22లో ఉప్పుడు బియ్యం మాకొద్దని మీరు, తీసుకోవాల్సిందేనని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కొట్లాడుకుంటే వడ్ల కుప్పల మీద పడుకున్నది మేమే. వరి నుంచి బయటపడే దారి ఏదని అడిగితే మక్క చూపించారు. మక్కకు మళ్ళాక, వరి మిగులును చవగ్గా తెచ్చి అదే డిస్టిలరీ ముందు పోశారు. చవక బియ్యం దొరికే ఫ్యాక్టరీ మక్క కోసం ఎందుకు పోటీ పడుతుంది? వరి మానమని ఒక చేత్తో దారి చూపించి, ఇంకో చేత్తో అదే వరితో మక్క నడ్డి విరిచారు.

పర్యావరణం మాట కూడా ఇక్కడే ఉంది. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే చెరకు, వరి కలిసి దేశంలోని సాగునీటిలో 70 శాతం తాగుతున్నాయని ఉంది. చెరకుతో లీటరు ఇథనాల్ రావాలంటే 2,860 లీటర్ల నీళ్ళు కావాలని కూడా ఉంది. వరితో పోలిస్తే మక్కకు నీళ్ళు బాగా తక్కువ. యాసంగిలో ఎకరం వరి పారే బోరు కింద రెండెకరాలకు పైగా మక్క సాగుతుందని మా దగ్గర ఎవరినడిగినా చెబుతారు. పెట్రోలు పొగ తగ్గించడానికి భూగర్భ జలాన్ని తోడి పోస్తే అది పచ్చ ఇంధనం ఎలా అవుతుంది? నీళ్ళ లెక్క కడితే బియ్యపు ఇథనాల్ అన్నిటికన్నా ముందు ఆగాలి, మక్క అన్నిటికన్నా ముందు నిలవాలి. మీరు చేసింది తలకిందులు.

మక్క మచ్చలేనిదని కాదు. మక్కకు యూరియా దండిగా కావాలి. 2025 ఆగస్టులో యూరియా కోసం తెలంగాణలో రైతులు తెల్లవారుజామున సొసైటీల ముందు చెప్పులు, పాస్‌బుక్ జిరాక్సులు వరుసలో పెట్టి నిలబడ్డది మీరూ టీవీలో చూసే ఉంటారు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, దొరికితే. ఆ యూరియాలో కొంత దిగుమతి, ఇక్కడ తయారయ్యేదానికి వాడే గ్యాస్‌లో చాలా భాగం దిగుమతి. చమురు మీద మిగిలిన డాలర్ల లెక్క చెప్పేటప్పుడు యూరియా, గ్యాస్ మీద పోయిన డాలర్లు కూడా తీసేసి చెబితే బాగుంటుంది. అమెరికాలో మక్క ఇథనాల్ మీద 2022లో వచ్చిన ఒక పరిశోధన, కొత్తగా దున్నిన భూమి, ఎక్కువ వేసిన ఎరువు అన్నీ కలిపితే అది పెట్రోలు కన్నా ఎక్కువ కర్బనం వదిలే అవకాశమే ఉందని తేల్చింది. అక్కడి నేల వేరు, ఇక్కడి నేల వేరు. కనీసం మన మక్కకు, మన నేలలో, మన యూరియాతో ఆ లెక్క కట్టించండి.

సోయా రైతు సంగతి ఎవరూ మాట్లాడరు. డిస్టిలరీల నుంచి వచ్చే డీడీజీఎస్ మాంసకృత్తులున్న దాణా, సోయా పిండి కన్నా చవక. దాణా తయారీదారులు అటు మళ్ళారు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా రైతుకు 2024-25లో మద్దతు ధర 4,892 ఉన్నా బయట మార్కెట్లో అంత రాలేదు. చవక నూనెల దిగుమతి కూడా అందుకు కారణమే, కానీ డీడీజీఎస్ దెబ్బ కొత్తది. బూజు పట్టిన మక్కతో చేసిన డీడీజీఎస్‌లో అఫ్లటాక్సిన్ విషం పేరుకుంటుందని కోళ్ళ పెంపకందార్లకు భయం. 2024లో మక్క దొరక్క ఏడ్చినవాళ్ళు 2025లో దాణాలో ఏముందో తెలియక జంకుతున్నారు. ఒక పంటను ఇంధనంలోకి లాగితే పక్క పంట, పక్క వ్యాపారం ఎక్కడెక్కడ కదులుతాయో చూసే బాధ్యత మీ రెండు శాఖల్లో ఎవరిది?

ఇక ఫ్యాక్టరీలు. 2021లో పర్యావరణ శాఖ నిబంధన సవరించి, పెట్రోలులో కలపడానికే ఇథనాల్ చేసే ప్లాంట్లకు పబ్లిక్ హియరింగ్, అంటే ఊరి జనం అభిప్రాయం అడిగే సభ, అక్కర్లేకుండా దారి ఇచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో వ్యర్థజలాల మీద 2023లో జనానికి, పోలీసులకు గొడవ. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఆడా మగా అంతా హైవే మీద కూర్చుంటే పనులు ఆపమనాల్సి వచ్చింది. జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో ఘర్షణ, కేసులు, రైతుల చేతులకు బేడీలు. పంజాబ్‌లో జీరా దగ్గర నెలల తరబడి ధర్నా చేశాక 2023 జనవరిలో ముఖ్యమంత్రే ప్లాంటు మూసేస్తామన్నాడు. వీళ్ళందరినీ అభివృద్ధి వద్దనే మూర్ఖులుగా చూపించడం తేలిక. ఊరి మధ్య టెంటు వేసి, కలెక్టరు కూర్చుని, బోర్ల నుంచి ఎంత నీరు తోడతారు, ఇథనాల్ తీశాక మిగిలే మురికినీరు, స్పెంట్ వాష్, ఎక్కడ పోస్తారు, బాయిలర్‌లో ఊక కాలుస్తారా బొగ్గా, పులిసిన వాసన ఎంత దూరం వస్తుంది అని అడగనిచ్చి ఉంటే ఈ ఊళ్ళలో సగం గొడవ ఉండేది కాదు.

అడగాల్సిన లెక్కలు నిజంగానే ఉన్నాయి. రోజుకు రెండు లక్షల లీటర్లు తీసే ప్లాంటు, నీటిని శుద్ధి చేసి తిప్పి వాడినా లీటరుకు మూడు నుంచి ఐదు లీటర్ల కొత్త నీళ్ళు తీసుకుంటుంది. రోజుకు ఆరు నుంచి పది లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్లన్న జల్ జీవన్ మిషన్, అదే కేంద్రం ఇంటింటి నల్లా పథకం, లెక్కలో తక్కువలో తక్కువ దాదాపు 11 వేల మంది తాగునీరు. పంట తాగేదాంతో పోలిస్తే ఇది కొంచెమేనని ఇంజినీర్లు అంటారు, దేశం మొత్తానికి నిజమే. ఆ కొంచెం ఒకే ఊరి నేల కింది నుంచి వస్తే ఆ ఊరికి అది కొంచెం కాదు.

మా వైపు ఇంధనం పంటల మాట ఇది మొదటిసారి కాదు. 2003లో ప్రణాళికా సంఘం కోటీ 12 లక్షల హెక్టార్లలో జట్రోఫా, అదే అడవి ఆముదం, పెంచి బయోడీజిల్ తీస్తామంది. ఉమ్మడి రాష్ట్రంలో కూడా జట్రోఫా, కానుగ మొక్కలు బాగానే పంచారు. బీడులో నీళ్ళు లేకుండా పండుతుందన్న చెట్టు నీళ్ళు లేకపోతే కాయలు కాయలేదు, కాసినవాటిని కొనేవాడు రాలేదు. 2007లో ఉమ్మడి మెదక్ జిల్లాలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అండతో తీపి జొన్న రసంతో ఇథనాల్ చేసే డిస్టిలరీ మొదలైంది. కోసిన జొన్నను వెంటనే గానుగ పట్టకపోతే తీపి పడిపోతుంది, ఇథనాల్ రేటు అప్పట్లో గిట్టుబాటయ్యేది కాదు, అదీ నిలవలేదు. రెండుసార్లూ మొక్క గురించి బాగా ఆలోచించారు, కొనుగోలు గురించి ఆలోచించలేదు. గడ్డి నుంచి, కొయ్యకాళ్ళ నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు పానిపట్‌లో 2022లో మొదలైంది, 900 కోట్లకు పైగా ఖర్చు. అది తిండి గింజ ముట్టని దారి. మా దగ్గర యాసంగి కోతల తర్వాత కాల్చేస్తున్న గడ్డికి అలాంటిది ఒక్కటైనా ఎందుకు లేదో తెలుసుకోవాలని ఉంది.

చెరకు రైతుకు, మక్క రైతుకు ఉన్న తేడా ఒకటి చెప్పి అడగదలచుకున్నవి అడుగుతాను. చెరకుకు ఎఫ్‌ఆర్‌పీ, అంటే మిల్లు తప్పక ఇవ్వాల్సిన కనీస ధర, ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆ ధర ఇవ్వకుండా మిల్లు చెరకు తీసుకోకూడదు. 14 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. బకాయిలు పెట్టే మిల్లులు లేవని కాదు, బోధన్ వైపు అడిగితే కథలు కథలుగా చెబుతారు. అయినా చెరకు రైతు ఆ కాగితం పట్టుకుని కలెక్టరు దగ్గరికి పోగలడు. అదే ఇథనాల్‌కు, అదే చమురు కంపెనీకి, చెరకు కన్నా ఎక్కువ రేటుకు ముడిసరుకు ఇస్తున్న మక్క రైతు చేతిలో ఏ కాగితమూ లేదు.

కాబట్టి మా మొదటి కోరిక, మక్క ఇథనాల్‌కు ఎక్కువ రేటు ఇచ్చేటప్పుడు షరతు పెట్టండి. మద్దతు ధరకు తక్కువ కాకుండా మక్క కొన్నట్టు, ఆ డబ్బు రైతు ఖాతాలో పడ్డట్టు రుజువు లేనిదే డిస్టిలరీ బిల్లు పాస్ కాకూడదు. వడ్ల కొనుగోలులో ప్రతి రైతుకూ ఆన్‌లైన్‌లో చీటీ పుడుతోంది, మక్కకు పుట్టదా? కొన్నది ట్రేడర్ దగ్గరైనా సరే, ఆ ట్రేడరు రైతుకు ఎంత ఇచ్చాడో చూపించాలి. కౌలు రైతు పేరు కూడా ఎక్కాలి. అలా చూపించలేని లీటరుకు 71.86 ఇవ్వకండి, ఆ తేడా మినహాయించి మాకు పంపండి.

బియ్యం విషయంలో మాకు పెద్ద కోరికేమీ లేదు. వడ్ల మద్దతు ధర కన్నా తక్కువకు బియ్యం డిస్టిలరీకి పోకూడదు. తినడానికి పనికిరాని నూకలు, ముక్కిపోయిన గింజ అయితే తీసుకోండి, ఎవరూ కాదనరు. మంచి బియ్యాన్ని సబ్సిడీ మీద ఇంధనం చేసే డబ్బుతో మక్క, పప్పులు, నూనెగింజలు మద్దతు ధరకు కొంటే యాసంగి వరి తనంతట తానే తగ్గుతుంది, గోదాములూ ఖాళీ అవుతాయి. పబ్లిక్ హియరింగ్ మళ్ళీ తెమ్మని పర్యావరణ శాఖకు మీరిద్దరూ ఒక ఉత్తరం రాయండి. నీళ్ళు తోడేది, వాసన వచ్చేది ఏ ఊరికో ఆ ఊరిని అడక్కుండా ఇంకో ప్లాంటు రావద్దు.

20 దాటి 27, 30 శాతం అంటూ మాటలు వినబడుతున్నాయి. డిస్టిలరీల ఒత్తిడి మాకు అర్థమవుతుంది. 2025-26కు చమురు కంపెనీలు సుమారు 1,050 కోట్ల లీటర్లు అడిగితే 1,776 కోట్ల లీటర్లు ఇస్తామని డిస్టిలరీలు ముందుకొచ్చాయి. అప్పులు తెచ్చి ప్లాంట్లు కట్టుకున్నారు, సగం ఖాళీగా తిరుగుతున్నాయి, వాళ్ళకు శాతం పెరగాలి. శాతం పెంచే ముందు ఆ అదనపు లీటర్లు ఏ పంట నుంచి, ఎన్ని ఎకరాల నుంచి, ఎన్ని నీళ్ళతో వస్తాయో లెక్క కట్టి బయటపెట్టండి.

చివరిది తేదీల సంగతి. మీ ఇథనాల్ సంవత్సరం నవంబరులో మొదలవుతుంది, ఏ ముడిసరుకు నుంచి ఎన్ని లీటర్లన్న కేటాయింపు అక్టోబరులో వస్తుంది. మేం మక్క గింజ పెట్టేది జూన్‌లో. అక్టోబరులో మీరు చెప్పేసరికి మా మక్క కోసి, మిషన్ పట్టి, రోడ్డు మీద ఆరబోసి ఉంటుంది. వచ్చే ఏడు మక్క ఎన్ని టన్నులు కొంటారు, బియ్యం ఎన్ని టన్నులు వదులుతారు, ఏ రేటుకు, ఇవన్నీ మే నెల లోపల ప్రకటించండి, మధ్యలో మార్చకండి. మీరు మక్క తక్కువ అంటే మేం కందులు వేసుకుంటాం, పెసర్లు వేసుకుంటాం. విత్తనాల షాపుకు పోయేది మే ఆఖరులో, ఆలోపు మీ జవాబు కావాలి.

ఇట్లు,
ఒక మక్క రైతు,
మహబూబాబాద్ జిల్లా, తెలంగాణ